సగమే నిండిన గొట్టం

రక్తమంతటి రక్తం కూడా మా అమ్మమ్మ సరేనంటేనే గడ్డకడుతుంది. గోరంతను కొండంత చేసి చెబుతున్న మాట కాదిది. కొండనే కాస్త చెక్కి చెబుతున్నది.

చిన్నపిల్లలకు పక్షవాతం ఎందుకొస్తుందో వెతకడం ఆవిడ పని. "అది ముసలివాళ్ళ జబ్బు కదండీ!" అని ఎవరైనా ఆశ్చర్యపోతే, "జబ్బుకి పుట్టినతేదీ చదవడం రాదు" అంటుంది. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో ఆవగింజంత గడ్డ అడ్డం పడితే చాలు, నిన్న ఆడుకున్న చెయ్యి ఇవాళ లేవదు. ఆ గడ్డ ఎందుకు కట్టిందా అని ఆవిడ ఆలోచిస్తుంటే పొయ్యి మీద పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో తాతయ్యను అడగాలి. తుడిచేది ఆయనే.

ఒక ఉదయం వార్డులో ఆరేళ్ళ పిల్ల ఉంది. కుడిచెయ్యి పడిపోయింది. మరో గడ్డ కట్టకుండా మందు మొదలుపెట్టాలి. కానీ ఆ పిల్ల రక్తం గడ్డకట్టడానికి మామూలుకన్నా చాలాసేపు పడుతోందని పరీక్షలో వచ్చింది. అది నిజమైతే, మందు వేస్తే లోపల రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. అబద్ధమైతే, వెయ్యకపోతే ఇంకో గడ్డ, ఇంకో చెయ్యి.

"మందు వద్దు మేడం, భయంగా ఉంది," అన్నాడు పిల్లల డాక్టరు.

అమ్మమ్మ ఆ పరీక్ష కాగితం పక్కన పడేసి పిల్ల మంచం దగ్గరికి వెళ్ళింది. సూది గుచ్చిన చోట దూది తీసి చూసింది. ఎండిపోయిన ఒక్క చుక్క. చుట్టూ కమిలిన మచ్చ కూడా లేదు.

"రక్తం ఎంతసేపు కారిందమ్మా?" అని పిల్ల తల్లిని అడిగింది.

"ఎక్కడ కారిందండీ? దూది పెట్టగానే ఆగిపోయింది."

"కాగితం ఒకటి చెబుతోంది, చెయ్యి ఒకటి చెబుతోంది. చెయ్యికి అబద్ధాలు రావు," అంటూ ల్యాబుకు నడిచింది.

ఈ పరీక్షకు వాడే గొట్టంలో, రక్తం దారిలోనే గడ్డకట్టకుండా, ముందే కొలిచి పోసిన మందునీళ్ళుంటాయి. రక్తం గీత దాకా పడాలి. తక్కువ పడితే మందునీళ్ళది పైచెయ్యి అయి, మంచి రక్తం కూడా గడ్డకట్టడానికి బద్ధకిస్తుంది. ఆ పిల్ల గొట్టం సగమే నిండి ఉంది. పక్కనున్న మిగతా పిల్లల గొట్టాలూ అంతే.

నర్సును పిలిచింది. "గీత దాకా ఎందుకు తియ్యలేదు?"

"మీరేగా మేడం అన్నారు! 'పసివాళ్ళ ఒంట్లో ఉన్నదే గుక్కెడు, అదీ పీల్చేస్తావా? నువ్వు నర్సువా, దోమవా?' అని అందరి ముందూ కడిగేశారు. అప్పట్నుంచి సగమే తీస్తున్నా."

ల్యాబువాళ్ళు తిప్పి పంపలేదా అంటే, పిల్లల రక్తం ఒక్క చుక్క పారబొయ్యొద్దన్న హుకుం కూడా అమ్మమ్మదే.

చిన్నపిల్లల కోసమే చేసిన బుల్లి గొట్టం తెప్పించి, మళ్ళీ రక్తం తీయించింది. ఈసారి గీత దాకా. రక్తం మామూలుగానే గడ్డకట్టింది.

"మందు మొదలుపెట్టు బాబూ," అంది డాక్టరుతో. తర్వాత నర్సు భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, "ఈవిడ నేను చెప్పినట్టే చేసింది. తప్పు నాది," అంది.

అక్కడితో తెమల్లేదు. ఆ తిట్టు తర్వాత తీసిన రక్తాల లెక్కలన్నీ ఆవిడ పరిశోధనలోంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి కూర్చిన పని సగానికి సగం కొట్టుకుపోయింది. "కొంచెం సర్దుకుంటే సరిపోతుంది కదా మేడం," అన్నాడు శిష్యుడు.

"సర్దుకోడానికి ఇదేమన్నా బస్సులో సీటా?" అంది.

ఇంట్లో మాత్రం ఆ వారమంతా పాలు పొంగలేదు. ఆవిడ అసలు వంటింటి వైపే రాలేదు.

కొన్నాళ్ళకు ఆ పిల్ల, పడిపోయిన చేత్తోనే అమ్మమ్మ కళ్ళజోడు లాగింది. పట్టు జారింది. మళ్ళీ లాగింది. "లాగు, లాగు, ఇంకోటి కొనుక్కుంటా," అని ముందుకు వంగి నిలబడిందట మా ముసలావిడ.

ఇదంతా చదివి వినిపించి, "ఆ దోమ మాట తీసేద్దామా అమ్మమ్మా? నీ పరువు పోతుందేమో," అని అడిగితే, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నా నోటి దురుసుకి ఒక పిల్ల చచ్చేది. పరువట! ముందు అది రాయి."