మా పటానికి పాడిన సాగనంపు పాట

పోయిన వారం నగరపాలక కార్యాలయం నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చి, దుర్గం చెరువు ఒడ్డున పెడుతున్న జానపద కళల వేడుకకు నన్ను ముఖ్య అతిథిగా రమ్మని పిలిచారు. కారు పంపిస్తామన్నారు, వేదిక ఎక్కించడానికి మనుషులుంటారన్నారు, శాలువా సంగతి కూడా ముందే చెప్పేశారు. తొంభై ఏళ్లు మీద పడ్డ మనిషికి కుర్చీలోంచి లేవడమే పెద్ద పని, ఇక సన్మానాలంటే వినడానికే నీరసం వస్తుంది. పిలవడం అయ్యాక ఆ అమ్మాయి మురిపెంగా ఫోనులో ఒక పాట వినిపించింది. వచ్చిన వాళ్లంతా కూర్చునేటప్పుడు స్వాగతంగా పిల్లలు ఆడిపాడేది ఆ పాటేనట, అది మా ఇంటిదని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారట. విన్నాను, మా పాటే. కాకపోతే అది స్వాగతం పాట కాదు, చావు పాట. కాలం తీరిన పటాన్ని నీళ్లలో కలిపేటప్పుడు మా వాళ్లు పాడేది. ఆ పిల్లల మొహాలు చూస్తే ఆ మాట అనబుద్ధి కాలేదు, బాగుందమ్మా అని ఊరుకున్నాను. అప్పటి నుంచీ మనసు అక్కడే తచ్చాడుతోంది, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నా ఈడు వాళ్లకు పటం కథ అంటే విడమరచి చెప్పనక్కరలేదు గానీ, మీ మనవలు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం చెబుతాను. ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ మాదాపూర్ అప్పట్లో బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి నడుమ నాలుగు వాడల చిన్న ఊరు. మా ఇంటి వాళ్లం నేతగాళ్లకు వాళ్ల కులం పుట్టుక కథ చెప్పి బతికేవాళ్లం. ఆ కథంతా బొమ్మలుగా రాసిన పొడవాటి గుడ్డ చుట్టే పటం. మా తాత దాన్ని రెండు గుంజలకు కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనించి కథ చెబుతుంటే, మా నాయన పక్కన తాళం వేస్తూ వంత పాడేవాడు. బోరబండ, బాలానగర్, నిజాంపేట చుట్టుపట్ల మగ్గాలున్న ఊళ్లన్నీ మా హక్కు ఊళ్లు. అక్కడ మా పటం తప్ప వేరొకరి పటం విప్పడానికి లేదు, మేమూ వేరేవాళ్ల ఊళ్లలో కాలు పెట్టేవాళ్లం కాదు. రాత్రుల తరబడి సాగే ఆ కథ తాతకు తప్ప ఎవరికీ మొదటి నుంచి చివరి దాకా రాదు, నాయనకు వంత పాడే చోట్లు మాత్రమే తెలుసు. ఇక ఆడపిల్లలకు నేర్పే ఆనవాయితీ అసలే లేదు. అన్నం వండడం మాకు నేర్పారు, ఆ అన్నం పెట్టే కథ మాత్రం నేర్పలేదు.

పటానికీ ఆయుష్షు ఉంటుంది. రంగు రాలి రాలి దేవుడి మొహం పోల్చుకోలేనంతగా చెరిగిపోతే ఆ పటం చచ్చిపోయిందనేవాళ్లు. అప్పుడు పటాలు రాసే నకాశీకి చెప్పి కొత్తది రాయించేవాళ్లు, అతను అన్నీ రాసి దేవుళ్ల కళ్లు మాత్రం వదిలేసి ఇచ్చేవాడు. పాత పటాన్ని మనిషిని మోసినట్టే భుజాల మీద మోసుకుపోయి, మీరు తిరిగిన ఊళ్లు చాలు, నిలబడ్డ వాకిళ్లు చాలు, ఇక కాళ్లు చాపుకుని పడుకోండి అని దానిలోని దేవుళ్లను పేరుపేరునా సాగనంపే పాట పాడి, మూసీలో విడిచి, స్నానాలు చేసి వచ్చి నలుగురికీ అన్నం పెట్టాక గానీ కొత్త పటానికి కళ్లు దిద్దడానికి వీల్లేదు. ఆ కళ్లు దిద్దిన రోజునే కర్ర కూడా తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వెళ్లేది, కథ అప్పగింత అక్కడే మొదలయ్యేది.

రాజ్యం మారే ఆ గడబిడ రోజుల్లో మగ్గాలు మూతపడ్డాయి. ఎవరి ఇంట్లో వాళ్లు గడియ పెట్టుకుని కూర్చుంటే పటం కథ పెట్టించేదెవరు? రెండు వానకాలాలు మా పటం చుట్ట విప్పలేదు, మా అమ్మ జొన్న గట్కలో నీళ్లు పెంచుతూ పోయింది. అటువంటప్పుడు పట్నం బల్దియాలో, అంటే అప్పటి నగరపాలక కచేరీలో, పనిచేసే ఒక హాకిం, పెద్ద అధికారి, ఎక్కడో మా తాత పేరు విని, గుర్రపుబండిలో ఊరికి వచ్చాడు. ఉర్దూలోనే మాట్లాడినా తెలుగు బాగా అర్థమయ్యేది ఆయనకు. పట్నంలో ఒక తోటలో చోటిస్తాను, వారం వారం వచ్చి కథ చెప్పండి, బువ్వకు లోటుండదు అన్నాడు. నేతగాళ్ల కథ ఊరందరికీ ఎట్లా చెబుతామని తాత ముందు ఇబ్బంది పడ్డాడు, తర్వాత ఇంట్లో ఆకలి చూసి సరేనన్నాడు.

ఆయన చేసింది పెద్ద పనేమీ కాదు. నేల ఊడిపించి నీళ్లు చల్లించేవాడు, ఒక పెట్రోమాక్స్ దీపం, తాగడానికి కుండెడు నీళ్లు పెట్టించేవాడు, చుట్టుపక్కల బండ్లు తోలేవాళ్లను కాసేపు అవతలి దారిన పొమ్మనేవాడు. అంతే. ఎంతసేపు చెబుతావని అడగలేదు, ఇది తగ్గించు అది కలుపు అనలేదు, ఎవరినో ముందు కూర్చోబెట్టి దండలు వేయించలేదు. తానూ వెనకాల జనంలో నేల మీదే కూర్చుని వినేవాడు. కళలను బతికించాలని ఇప్పుడు ఎన్నో సభలు పెడుతున్నారు, వాటికి పిలిస్తే నేను చెప్పేది ఈ సంగతి ఒక్కటే, వాళ్లు రాసుకోనిది కూడా ఇదొక్కటే.

ఆ మంచి మనిషి వల్లనే మాకు చెడ్డ రోజులు వచ్చాయంటే నోరు రాదు, అయినా జరిగింది అదే. మా పటం అప్పటికే చెరిగిపోయింది, కొత్తది నకాశీ దగ్గర నుంచి వచ్చింది, వానలు పడి మూసీకి నీళ్లొస్తే పాతదాన్ని సాగనంపాలని తాత ఎదురుచూస్తున్నాడు. ఇంత అందమైన దాన్ని నీళ్లపాలు చేస్తారా అని హాకిం తల్లడిల్లిపోయాడు. పట్నంలో కొత్తగా చూపుల గది, మ్యూజియం అంటారే అది, పెడుతున్నారు, దేశాలు తిరిగేవాళ్లు వచ్చి చూస్తారు, అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది, నాకు ఇవ్వండి అన్నాడు. తాత మెల్లగా అన్నాడు:

"సచ్చినోన్ని అద్దాల పెట్టెల వెట్టి నలుగురికి సూపెడ్తరా సాబ్? నీళ్లల్ల కలపాలె గద."

ఒక్క ఏడాది ఉంచి నా చేతులతో నేనే తెచ్చి ఇస్తానని హాకిం రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన ఉప్పు తింటున్నాం, కాదనలేక తాత ఇచ్చేశాడు. ఏడాది తిరగకుండానే హాకిం బదిలీ అయ్యి దూరం వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాడికి మా మాట మాటే కాదు, ఒకసారి సర్కారు బీరువాలోకి పోయింది సర్కారుదే అన్నాడు. పాత పటం ఇచ్చేసిన నాడే తోటలో కథలూ ఆగిపోయాయి, ఎందుకంటే కొత్త పటానికి కళ్లు లేవు, కళ్లు లేని పటం విప్పకూడదు. అది మా ఇంటి దూలానికి వేలాడుతూనే ఉండిపోయింది. కళ్లు దిద్దేద్దాం, ఎవడు అడుగుతాడు అని నాయన పోరేవాడు. పీనుగు బయట ఉండగా పెళ్లి చేస్తావా అని తాత కసిరేవాడు. ఇద్దరి మధ్యా మా అమ్మ నలిగిపోయేది.

చివరికి తాత ఒకనాడు తలకు రుమాలు చుట్టి, పట్నం పోయి దాన్ని అక్కడే సాగనంపి వస్తానన్నాడు. నాయనా నేనూ వెంట వెళ్లాం. నాకప్పుడు ఓణీ వేసిన కొత్త. ఆ గదిలో మా పటాన్ని నిలువునా విప్పి అద్దం వెనక బిగించారు. తాత దాని ముందు చెప్పులు విడిచి నిలబడి, అద్దం మీద చెయ్యి ఆనించి పాట అందుకున్నాడు. ఒక్కో దేవుడి పేరు పిలుస్తూ, ఇక పడుకో అయ్యా అంటుంటే కన్నీళ్లు గడ్డం మీదికి కారాయి. నేనూ నాయనా ఏడ్చాం. పక్క గదుల్లోంచి చూడవచ్చిన జనం ఒక్కరొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు, ఎవరో దొరలు కూడా ఉన్నారు. పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడి అధికారి మహా సంబరపడి, ఇది బ్రహ్మాండంగా ఉంది, వారం వారం వచ్చి ఈ ఒక్కటీ పాడితే చాలు, నెల జీతం ఇప్పిస్తాను అన్నాడు. బీరువా తెరిచి ఇవ్వండి సాబ్, అంతకన్నా ఏమీ వద్దు అని తాత దండం పెడితే, ముసలాయన మనసులోంచి పాడాడని నవ్వి భుజం తట్టి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చే దారిలో తాత బోరబండ దగ్గర ఆగాడు. అక్కడ రాయి మీద కూర్చుని నా వైపు చూసి అన్నాడు:

"నేను ఏడ్సిన బిడ్డా. గాళ్లు సప్పట్లు గొట్టిన్రు."

ఆ జీతానికి మా నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. కథ చెప్పుకుంట తిందామంటె కథ లేకపాయె, ఇగ ఏడ్సుకుంటనన్న తిందాం అని మా అమ్మతో అన్నాడు. వారం వారం వెళ్లి, ఆ అద్దం ముందు నిలబడి, మా పటం చావు పాట పాడి వచ్చేవాడు. తాత ఆ అన్నం తిన్నాడు గానీ, ఆ తర్వాత కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్లకు పోయాడు. కర్ర అప్పగించలేదు, కథ చెప్పలేదు. నాయన దూలం మీది కొత్త పటాన్ని దించి, తాత అస్థులతో పాటే మూసీకి తీసుకుపోయి విడిచాడు. ఒక్క ఊరూ చూడని పటం అది, తిరిగిన ఊళ్లు చాలు అని దానికి ఎట్లా పాడతాడు, నాయన పాడకుండానే వచ్చేశాడు. ఎందరో విని, ఎందరో నేర్చుకుని, చేతులు మారి మారి ఆ పాట మాత్రం ఊరేగుతూ ఇవాళ్టికి చెరువు ఒడ్డుకు చేరింది.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి శాలువా ఊసెత్తలేదు, నా మంచం పక్కన కింద కూర్చుంది. ఆఫీసులో పెద్దవాళ్లను ఒప్పించిందట, చెరువు పక్కన ఒక చోటు, దీపాలు, వినేవాళ్లు, అన్నీ ఉంటాయట, ఏ తొందరా పెట్టరట.

"ఈ పాట వెనకాల పెద్ద కథ ఉందట కదా అమ్మమ్మా. ఎన్ని రోజులు పట్టినా సరే, మీరు చెప్పండి, మేం కూర్చుని వింటాం."

హాకిం వెళ్లిపోయాక ఈ ఒక్క మాట అనే మనిషి మా తాతకు పోయేదాకా ఎదురుపడలేదు. ఇప్పుడు అడిగేవాళ్లు వచ్చారు, మర్యాద తెలిసిన పిల్లలు కూడా, చెప్పేవాడు లేడు. నా బుర్రలో ఉన్నవి తెగిన వంత ముక్కలే, అవి ఏ బొమ్మ దగ్గర పాడేవో కూడా నాకు తెలియదు. ఆ అమ్మాయి తల నిమిరి, మా దగ్గర ఏడుపు ఒక్కటే మిగిలింది తల్లీ, కథ లేదు అని చెప్పాను. ఆమె రాసుకోవడానికి తీసిన కలానికి మూత పెట్టింది.