మైనం చెంపల పెళ్ళికొడుకు

నా పెళ్ళిచూపులు ఎలా తగలబడ్డాయో చెబుతాను. నవ్వండి, కానీ నవ్వి నవ్వి కుర్చీలోంచి పడితే నా పూచీ లేదు.

అప్పట్లో నా చెంపల గుంతల్లో వానాకాలం నీళ్ళు నిలుస్తాయని వనపర్తిలో అనుకునేవారు. వాటిని చూసే మొదటి సంబంధం వాళ్ళు "పిల్లగానికి క్షయరోగం గిట్ల ఉన్నదేమో" అని వెళ్ళిపోయారు. రెండోది కొల్లాపూర్ సంబంధం. "ఇది గూడ పోతే నీకు పిల్లనిచ్చేటోడు పుట్టడు, చూసుకో" అన్నాడు మా మేనమామ.

నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. బడిలో చదివింది తక్కువైనా అక్కడి బీరువాలన్నీ నమిలేసినవాణ్ణి కదా! ఒక పాత మాసపత్రికలో దారి దొరికింది. విదేశాల్లో వైద్యులు లోతుకుపోయిన చెంపల్ని నింపుతారట. అందులోనూ రకాలున్నాయి. మనిషి ఒంట్లోని కొవ్వే తీసి చెంపలో పెట్టడం ఒకటి. నా ఒళ్ళంతా వెతికినా ఎముకే దొరుకుతుంది, కాబట్టి అది కొట్టేశాను. కరిగించిన పారఫిన్ మైనాన్ని సూదితో ఎక్కించడం ఇంకొకటి. ఇది మనకు సరిపోతుంది!

దవాఖానలో కాంపౌండర్ దగ్గరకు వెళ్ళాను.

"సాబ్, నా చెంపలల్ల జర మైనం ఎక్కియ్యుండ్రి."

"మైనమా? నువ్వేమన్న వెలిగిచ్చే మోంబత్తివా?"

"సైన్సు సాబ్! దొరల దేశంల గిట్లనే చేస్తున్రు."

"గట్లనా? కూసో మరి" అంటూ ఆయన వేడినీళ్ళ గిన్నెలోంచి సూది పైకి తీశాడు. గోనెసంచులు కుట్టే దబ్బనం దాని ముందు వెంట్రుక! సైన్సు మీద నా గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. కాళ్ళు మాత్రం అప్పటికే బజార్లో ఉన్నాయి.

సూది లేకపోతేనేం? బయటి నుంచి పొడిచే బదులు లోపలి నుంచి నింపితే సరి! కంసాలి దగ్గర తేనెమైనం తెచ్చి, రెండు ఉండలు చేసి, పళ్ళకూ చెంపలకూ మధ్య ఇరికించాను. అద్దంలో జమీందారు బిడ్డ కనిపించాడు.

"ఏందిర, రాత్రికి రాత్రి గింత బలిసినవ్?" అన్నాడు మామ, బండి ఎక్కుతూ.

"ఊఁ" అన్నాను.

కొల్లాపూర్‌లో పిల్ల తండ్రి ఏం అడిగినా నా జవాబు ఆ "ఊఁ" ఒక్కటే. అంతవరకూ బాగానే నడిచింది. కానీ మామిడికాలంలో ఆ ఊరికి పిల్లను చూడబోయేవాళ్ళు ఒక సంగతి మరవకూడదు: వాళ్ళ తోట పండు తినందే మాట ముందుకు సాగదు. తాంబాళం నిండా రసాల పండ్లు వచ్చాయి.

"ఊఁహూఁ" అన్నాను.

పిల్ల తండ్రి ముఖం మారింది. "మా తోట పండే వద్దన్నోనికి మా పిల్లనెట్లిస్తం?"

మామ నా డొక్కలో పొడిచాడు. "జుర్రుర!"

జుర్రాను. మొదటి జుర్రుకే కుడి ఉండ ఊడి, రసంతో కలిసి నాలుక మీదికొచ్చింది. మింగితే నేను పోతాను, ఉమ్మితే సంబంధం పోతుంది. నేనింకా ఆలోచిస్తుండగానే దగ్గు వచ్చి తీర్పు చెప్పేసింది. ఉండ ఎగిరి తాంబాళంలో పడింది.

"అయ్యో, పిల్లగాని పన్నూడింది!" అని అరిచింది పిల్ల నానమ్మ.

"పన్ను కాదవ్వా, మైనం" అన్నాను, వేలు పెట్టి రెండోది కూడా తీస్తూ. ఇక దాచేదేముంది? సూది దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. మామ తల పట్టుకున్నాడు.

పిల్ల తండ్రి మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించినవ్ బిడ్డా! ఎంత అడిగినా మాట రాకపోయె. మూగోన్ని తెచ్చి అంటగడ్తున్రని పరేషానైనం."

తలుపు వెనక నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత పిల్ల గొంతు వినిపించింది: "మాట్లాడుతుండు గద నాయినా, నాకు ఇష్టమే. గా మైనం మాత్రం మళ్ల నోట్లె పెట్టొద్దను."

నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయ్యాక చాలా కాలానికి ఇంకో పత్రికలో చదివాను. పారఫిన్ ఎక్కించుకున్నవాళ్ళకు అది లోపలే జారి, గడ్డలు కట్టి, ముఖాలు పాడయ్యాయట. నాది ఒక్క మామిడిపండుతో బయటపడింది! నా గుంతల చెంపల్ని రెండు చేతులా ఆప్యాయంగా నిమురుకున్నాను.

వెంటనే దేవుడి పటం ముందు నిలబడి గట్టిగా ఒట్టేశాను: ఇకమీదట చదివినదేదైనా తలలోకే ఎక్కిస్తాను గానీ చెంపల్లోకి ఎక్కించను.

"మంచిగున్నది" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "నింపనీకి ఆడనే జాగ శానా ఉన్నది."