కన్ను మన మీదే ఉంది

తుఫాను హెచ్చరిక వస్తే మా వదిన చదవదు. ఫోన్ తెచ్చి నా ఒళ్లో పడేస్తుంది. "సైన్సు అయ్యోరివి గదా, నువ్వే సూడు," అంటుంది. ఆ మాటలో గౌరవమేమీ లేదని నాకు తెలుసు.

బోగోలు దగ్గర మా ఊరి బడిలో నేను సైన్సు చెప్పేవాణ్ణి. మన తొలి వాతావరణ ఉపగ్రహాల రోజులవి. ఆఫీసర్లు వచ్చి బడి గోడకు ఒక పెట్టె బిగించి, దాని తాళంచెవి నా చేతికిచ్చారు. తుఫాను కబురు ఉపగ్రహం నుంచి నేరుగా అందులోకి వస్తుంది. ముందు సైరన్, తర్వాత మాట. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఊరంతా తిరిగాను. సముద్రంలో చేపల వేటకు పోయే ఇంట్లో పుట్టి నాలుగక్షరాలు నేర్చినవాడి పొగరు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మా అన్న వేట నుంచి రాగానే కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. ఉపగ్రహంలో రేడియోమీటర్ ఉంటుందని, దానికి రెండు కళ్లని, ఒకటి పగటి వెలుతుర్లో మబ్బుల్ని చూస్తే రెండోది వేడిని బట్టి చీకట్లోనూ చూస్తుందని. ఆ పేరు అన్నకు నోరు తిరగలేదు. "కన్ను" అన్నాడు. పడవ తోసేముందు పైకి చూసి దానికో దండం పెట్టేవాడు. నేను మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు తుఫాను మా మీదికే వచ్చింది. పెట్టె ముందే అరిచింది, ఊరంతా బడిలోకి చేరింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది, ఎండ కూడా కాసింది. వాకిలి పక్కన కూర్చున్నవాణ్ణి, పదిమందిలో చదువు చూపించుకోవాలని, "కన్ను మన మీదికొచ్చింది," అన్నాను.

తుఫాను నడుమ గాలి లేని చోటునూ కన్నే అంటారు. అది దాటగానే గాలి రెండోవైపు నుంచి విరుచుకుపడుతుంది. ఆ సంగతి నేను అన్నకు ఎప్పుడూ చెప్పలేదు.

అన్న లేచి పంచె ఎగగట్టాడు. "పడవ గట్టిగా కట్టేసొస్తా."

"ఇప్పుడెందుకన్నా?"

"కన్ను మన మీదుందని నువ్వే అంటివి గదా. అది సూస్తా ఉంటే ఇంకేం భయం అబ్బయా!"

అందరూ నవ్వారు. అన్న అనేది ఏ కన్నో నాకు అప్పుడే అర్థమైంది. వెనక్కి పిలిస్తే నా పాఠం సగమేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఎంతసేపు, వచ్చేస్తాడులే అనుకున్నాను. వదిన లోపల గంజి కాస్తోంది.

పడవ దొరికింది. అన్న దొరకలేదు.

ఆ ఉపగ్రహం పని ఆగిపోయి చాలా ఏళ్లయింది. మొన్న అల్పపీడనం కబురొస్తే వదిన ఎప్పట్లాగే ఫోన్ నా ఒళ్లో పడేసింది. ఈసారి వెళ్లిపోలేదు.

"అంత పైనుండే కన్నుకు మీయన్న వాకిలి దాటేది కనపడే ఉంటది గదా. ఒక్క కేక ఎయ్యకపోయిందా?"

నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"కనపడింది వదినా," అన్నాను. "వాకిలి పక్కనే కూర్చొని ఉన్నా."