బావ వదిలేసిన గ్యాస్

మా బావ ఏసీ మెకానిక్. బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నా వల్ల కాదు. అక్క మొగుడు కాబట్టి బావా అంటున్నాను, లేకపోతే నోటికొచ్చే పిలుపులు వేరే ఉన్నాయి.

పాత ఏసీ విప్పేముందు అందులో చల్లబరిచే గ్యాస్‌ని మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. ఆ మెషిన్ మా షాపులో ఉంది. బావ దానిమీద కూర్చుని టీ తాగుతాడు. పనికి వెళ్తే మాత్రం పైపు నట్టు తిప్పి గ్యాస్‌ని గాలికి వదిలేస్తాడు. అది బుస్సుమంటుంటే కళ్లు మూసుకుని హాయిగా వింటాడు కూడా.

షాపు చూసుకునేది నేను. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

"అది పైకి పోయి భూమి వేడిని బయటికి పోనివ్వదు బావా. కిలో వదిలావంటే బస్తాలకు బస్తాలు బొగ్గు తగలబెట్టినట్టే!"

"రంగుందా, వాసనుందా? ఎవడు చూడొచ్చాడు? ఎండలు ముదిరితేనే కదా మరదలా, మన షాపు నడిచేది!" అని పళ్లికిలించేవాడు.

ఎండలు ముదిరాయి. అక్క ఇంటి వెనక రేకుల గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఈ వేసవిలో ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకోసారి ఒళ్లు ఇలా కాగిందంటే ప్రాణానికే ముప్పు, చల్లటి గదిలో ఉంచండని డాక్టరమ్మ బావ మొహమ్మీదే చెప్పింది.

కొత్త ఏసీ కొనే స్తోమత మాకు లేదు. అదృష్టం, ఒక కస్టమర్ పాత ఏసీ ఊరికే ఇచ్చేశాడు. బాగా పనిచేస్తున్నదే. విప్పడానికి బావతో నేనూ వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. "ఇది మనకే, గ్యాస్ జాగ్రత్త" అని నేననేలోపే బుస్సుమంది. పాడు చెయ్యి, అలవాటు చొప్పున తిప్పేసింది! ఈసారి బావ కళ్లు మూసుకోలేదు. నోరే తెరుచుకుపోయింది.

ఆ పాత రకం గ్యాస్ తయారీ బాగా తగ్గించేశారు, బజార్లో దొరకడం లేదు. కొత్త రకం ఆ ఏసీకి పడదు. బావ షాపు షాపుకీ తిరిగి బతిమాలాడు. "ఉంటే నీ దగ్గరే ఉండాలి, పాత ఏసీలన్నీ విప్పేది నువ్వేగా!" అన్నారందరూ.

ఇప్పుడా ఏసీ రేకుల గదిలో గోడకుంది. గదిలో ఉన్న వేడినే తిప్పి తిప్పి మొహాన కొడుతోంది. అక్క నెత్తిన తడి తువ్వాలు కప్పుకుని దానికిందే కూర్చుంది.

"ఏమండీ, చల్లగాలి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

బావ బిక్కమొహం వేసుకుని నావైపు తిరిగాడు. "ఏం చెయ్యమంటావే?"

నాకు జాలి కలగలేదు. వాకిట్లోకి లాక్కెళ్లి ఆకాశం చూపించాను.

"అంతా అక్కడే ఉంది. నిచ్చెన పట్టుకుంటాను, ఎక్కి దించుకురా!"