వంక పెట్టించుకునే చలపతిరావు

చలపతిరావుగారికి ఉన్నది ఒకటే జబ్బు. అన్నం పెట్టి తిట్లు తినడం.

కరెంటాఫీసులో రిటైరై మియాపూర్‌లో స్థిరపడ్డ ఈ కాకినాడ మనిషి, ఆదివారాలు నిలువ నీడలేనివాళ్ళకు సైకిళ్ళ మీద భోజనాలు అందించే బృందంలో చేరారు. బృందమంటే తక్కువేం కాదు. హెల్మెట్లు, గ్లవ్స్, ఒకే రంగు టీషర్టులు, గుండె ఎంత కొట్టుకుంటోందో చెప్పే గడియారాలు. చూసినవాళ్ళు హిమాలయాలకు బయల్దేరారనుకునేవారు. వెళ్ళేది రాయదుర్గం మెట్రో కిందికి.

అందరూ డబ్బా ఇచ్చి, నవ్వి, ఫొటో దిగి కదిలిపోయేవారు. చలపతిరావుగారు డబ్బా ఇచ్చి గొంతుక్కూర్చునేవారు.

"ఎలా ఉందండి?"

"మంచిగుంది సారూ," అనేది మెట్రో మెట్ల కింద ఉండే రుక్కమ్మ.

"అబద్ధాలాడకండి. నేను రుచి చూసే తెచ్చాను."

"జర ఉప్పు..."

"ఆఁ, చెప్పండి చెప్పండి!"

ఇక రుక్కమ్మ అందుకునేది. పప్పు ఉడకలేదనేది, పోపు మాడిందనేది, వండినోనికి నాలుక ఉందా అని అడిగేది. ఆయన తనకేదో సన్మానం జరుగుతున్నట్టు తలూపుతూ వినేవారు.

బృందానికి నాయకురాలు కృష్ణప్రియ. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు కాబట్టి, ఆమె దృష్టిలో ఆకలైనా సరే గడువులోపే తీరాలి.

"అంకుల్, ఫ్రీగా పెట్టే అన్నానికి ఫీడ్‌బ్యాక్ ఏంది? మీ వల్ల అందరికీ లేటవుతుంది."

"బాగోకపోతే తెలియాలి కదమ్మా?"

"మీరు ప్యాకింగ్ చూస్కోండి. రుక్కమ్మ దిక్కు నేను పోత."

ఆయన తుప్పు పట్టిన తన సైకిలు గోడకానించి, డబ్బాలకు మూతలు పెట్టడానికి కూర్చున్నారు.

ఆ ఆదివారం పని చకచకా సాగింది. రుక్కమ్మ డబ్బా అందుకుని చేతులు జోడించింది.

"శాన మంచిగుంది మేడమ్."

"ఇంకా మూతే తియ్యలేదు కదమ్మా!"

"తీసినా గదే అంటం. ఉత్తగ పెట్టేటోళ్ళకు వంక పెడితే, మళ్ల రాకపోతే?"

"మరి అంకుల్‌ను అన్ని మాటలంటవు?"

రుక్కమ్మ నవ్వింది. "ఆ సారు తిట్టకుంటే లేవడు. మొదట్ల పరేషానైన. తిట్టినా మళ్ల వచ్చిండు. ఇగ భయం పోయింది. ఆయనొస్తే మా ఇంట్ల కూసొని తిన్నట్టుంటది."

కృష్ణప్రియ చేతి గడియారం కీచుమని గుర్తు చేసింది, ఇక్కడ సమయం అయిపోయిందని. ఆమె దాని నోరు నొక్కి, సైకిలుకు స్టాండు వేసి, మెట్ల కింద చతికిలబడింది.

"మూత తియ్యి. వంకాయ కూర నేనే చేసిన. ఎట్లుందో చెప్పు."

రుక్కమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది.

"నిజం జెప్పాల్నా?"

"చెప్పు."

చెప్పింది. పక్క స్తంభం దగ్గరున్న ఎల్లేశం కూడా తన డబ్బా పట్టుకొచ్చి ఓ చెయ్యి వేశాడు. వంకాయతో మొదలైన విచారణ కృష్ణప్రియ పెంపకం దాకా పోయింది.

ఆమె ఫోన్ తీసింది.

"అంకుల్, సైకిలేస్కొని జల్దీ రాండ్రి."

"ఏమైందమ్మా? కారమెక్కువైందన్నారా?" అవతల గొంతులో పండగ వినిపించింది.

"అన్నీ అన్నరు అంకుల్! వీళ్ళను నేనొక్కదాన్నే తట్టుకోలేకపోతున్న."