నస్రీన్ గుంజిన దూడ

నిన్న ఎయిర్‌పోర్టు దారిలో పచ్చిగడ్డి ఆటో ఒకటి నా ముందు ఆగింది. ఆ వాసనకు మన తొమ్మిదో తరగతి పొలం ట్రిప్పు గుర్తొచ్చింది. మన బ్యాచ్ వాళ్లకు గుర్తుందా?

శంషాబాద్ అవతల ఒక రైతు పొలం అది. లెక్కల సారు మడి కొలవమన్నారు, సైన్సు మేడం మట్టి చూడమన్నారు, తెలుగు సారు వ్యవసాయం మాటలు ఏరుకురమ్మన్నారు. అంతలో కొట్టంలో బర్రె ఈనడం మొదలైంది. దూడ ముందుకాళ్లు బయటికొచ్చి ఆగిపోయాయి. రైతు ఊళ్లో లేడు, ఆయన భార్య యాదమ్మ ఒక్కతే ఉంది.

"జర ఒకరు రాండ్రి బిడ్డా, నాతోని గుంజాలె" అని పిలిచింది.

మనమంతా వెనక్కి జరిగాం. క్లాసులో నోరు విప్పని నస్రీన్ చున్నీ నడుముకు బిగించి వెళ్లింది. ఇద్దరూ కలిసి లాగితే దూడ నేల మీద పడింది కానీ కదల్లేదు. యాదమ్మ దాని ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పింది. "తుమ్ము, జర తుమ్ము" అంది. సార్లు కూడా దగ్గరికొచ్చి వంగి చూశారు. చివరికి దూడ తుమ్మి తల విదిలించింది. నస్రీన్ అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం బస్సు జల్‌పల్లిలో ఆగింది. నస్రీన్ వాళ్ల నాన్న కూతురి బట్టల మీద రక్తం చూసి కంగారుపడ్డారు. కిటికీ పక్కనున్న నాకు వాళ్ల మాటలు వినిపించాయి.

"ఏమైంది బేటీ?"

"బర్రె ఈనింది అబ్బాజాన్. దూడను నేనే గుంజిన."

ఆయన ఆమె చేతుల వైపు చూశారు. తర్వాత ఆమె పుస్తకాల సంచి తన భుజానికి తగిలించుకుని అడిగారు.

"ఆడదా, మగదా?"