తిరిగిచ్చేయాల్సిన బిళ్ల

ఎనభైల మొదట్లో కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కాను. ఎదుటి సీటులో ఒక కాలేజీ అమ్మాయి. ఆమె ఓణీకి జొన్నకంకి బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ల.

"ఫస్టు ప్రైజా?" అన్నాను.

"కాదక్కా, నా పెసరచేను మొత్తం పోయింది. మా కాలేజీ యువరైతు సంఘంల పంట పోయినోళ్లకే ఇది పెడ్తరు. తప్పు యాడ జరిగిందో అందరి ముంగట చెప్పాలె. నేను గింజలు మొలకెత్తుతయో లేదో చూడకుండనే విత్తనం చల్లిన."

"సిగ్గనిపించలేదూ?"

"జర అనిపించింది. కానీ అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాయిన పంట ఏసుకోను ఇంకొక్కసారే చెలక ఇస్త అన్నడు. ఈసారి పండితె బిళ్ల వాపస్ ఇచ్చుడే."

ఒళ్లోని తడిగుడ్డ విప్పి చూపించింది. పది పెసరగింజలూ మొలకెత్తాయి.

"ఆ బిళ్ల నీ దగ్గర ఎక్కువ రోజులు ఉండకూడదమ్మా" అని దీవించి దిగాను.

"ఉండనియ్యనక్కా!" అంది కిటికీలోంచి.